తాత ఫోటోలో చేతి మీద మూడు పట్టీలు: ఏ హోదా, ఏ పటాలం?

దిండి_మనవరాలు:
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఒకటే మాట విన్నాం. మా తాత నిజాం గుర్రపు దళంలో జమేదార్ అని. ఊళ్ళో కూడా అందరూ ఆయన్ని జమేదార్ తాత అనే పిలిచేవాళ్ళు. 1987లో పోయాడు. అప్పటికి డెబ్బై ఏళ్ళు ఉంటాయని నాన్న అనేవాడు. పోయినేడు నాన్న కూడా పోయాక ఇల్లు సర్దుతుంటే, నాయనమ్మ సందుగలో అడుగున, పట్టుచీర మడతలో ఈ ఫోటో దొరికింది. ఇంతకుముందు ఇంట్లో ఎవరూ దీన్ని చూడలేదు.

ముగ్గురు మనుషులు. ఇద్దరు కుర్చీల్లో కూర్చున్నారు, మధ్యలో నిలబడ్డది మా తాత. ఆ ముక్కు, ఆ దవడ మా నాన్నవే కాబట్టి నాకు అనుమానం లేదు. ఖాకీ చొక్కా, నిక్కరు, కాళ్ళకు పట్టీలు చుట్టారు. ఛాతీకి అడ్డంగా తోలు పటకా, దానికి చిన్న చిన్న సంచులు. చేతి పైభాగంలో మూడు పట్టీలు. భుజం మీద ఇత్తడి అక్షరాలున్నాయి కానీ నాకు చదవరావడం లేదు. తల మీద ఉన్నది తలపాగానో టోపీనో చెప్పలేను. డబ్బా లాగా గుండ్రంగా, పైన చదునుగా ఉంది.

ఆయన హోదా ఏమిటి, ఏ పటాలంలో చేశాడు, ఎక్కడికి పోయాడు, ఇవి తెలిస్తే చాలు. నాన్న ఉండగా అడగలేకపోయాను. ఫోటో ముందు వైపు, వెనక వైపు రెండూ పెట్టాను.

సూర్యాపేట_సారు:
మంచి ఫోటో అమ్మా, జాగ్రత్తగా దాచండి. నిజాం గుర్రపు దళం అంటే వెంటనే గుర్తొచ్చేది హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా వెళ్ళారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర ఉన్న మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ లాన్సర్లవే. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీదికి గుర్రాలతో దూకింది మాత్రం జోధ్‌పూర్, మైసూర్ వాళ్ళు. హైదరాబాద్ వాళ్ళు అదే బ్రిగేడ్‌లో ఉన్నారు.

కానీ మీరు చెప్పిన వయసు చూడండి. 1987లో డెబ్బై అంటే 1917 ప్రాంతంలో పుట్టాడు. హైఫా నాటికి ఏడాది పిల్లవాడు. కాబట్టి ఆ యుద్ధం కాదు. రెండో ప్రపంచ యుద్ధమో, దాని ముందు వెనకల కాలమో అయ్యుండాలి. ముందు ఈ ఒక్కటి ఖాయం చేసుకుని వెతకండి.

పాలమూరు_తమ్ముడు:
అక్కా, మీ ఫోటోను ఫోన్‌లో ఒక యాప్‌లో వేసి క్లియర్ చేశాను. చూడండి, భుజం మీద హెచ్, వై, డి అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి! హైదరాబాద్! ఛాతీ మీద రెండు మెడల్స్ కూడా వచ్చాయి. మీ ఇంట్లో చెప్పింది నిజమే. కంగ్రాట్స్ అక్కా.

దిండి_మనవరాలు:
తమ్ముడూ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడే అన్నయ్యలకు పంపాను. పెద్దన్నయ్య దీన్నే పెద్దగా ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టిద్దామంటున్నాడు.

పాతఫోటోల_పెట్టె:
దయచేసి ఫ్రేమ్ కట్టించకండి, ఇంకో రెండు రోజులు ఆగండి. మా నాన్న నాగర్‌కర్నూల్‌లో స్టూడియో నడిపాడు, నేను ముప్పై ఏళ్ళుగా పాత ఫోటోలు బాగుచేస్తున్నాను. ఇలాంటి యాప్‌లు ఫోటోలో ఉన్నదాన్ని చూపించవు. మసకగా ఉన్నచోట తనకు తోచింది గీసి నింపుతాయి. మీరు పెట్టిన అసలు ఫోటోలో ఛాతీ మీద మెడల్స్ లేవు, జేబు మూత నీడ ఉంది. ఆ నీడను యాప్ మెడల్స్ చేసింది. భుజం మీద అక్షరాలు కూడా అంతే. అసలులో రెండు మూడు మెరుపు చుక్కలున్నాయి, హెచ్ అని చెప్పడానికి ఒక్క గీత కూడా లేదు. తమ్ముడు మంచి మనసుతోనే చేశాడు, తప్పు పట్టడం లేదు. కానీ ఇలా మారిన ఫోటో ఒకటి ఇంట్లో గోడకెక్కితే, ఇరవై ఏళ్ళ తర్వాత అసలుది ఎక్కడుందో ఎవరూ వెతకరు. నేను కళ్ళారా చూసిన సంగతి ఇది.

ఇలా చేయండి. ఫోటోను గుడ్డతో గానీ వేలితో గానీ తుడవకండి. లామినేషన్ అసలే వద్దు. స్కానర్ ఉన్నచోటికి తీసుకెళ్ళి 1200 డీపీఐలో, రంగుల్లోనే స్కాన్ చేయించండి. ఫోటో నలుపు తెలుపే అయినా రంగుల్లో స్కాన్ చేస్తే మరకకూ అక్షరానికీ తేడా తెలుస్తుంది. తర్వాత చీకటి గదిలో ఫోటోను బల్ల మీద పెట్టి, టార్చిలైటును పక్క నుంచి, దాదాపు బల్లకు ఆనించి వేయండి. అట్ట మీద ఒత్తిన ముద్ర ఏదైనా ఉంటే ఆ నీడల్లో పైకి తేలుతుంది. అప్పటి స్టూడియోలు ఊరి పేరును సిరా లేకుండా ఒత్తేవి.

ఇంకోటి, బట్టల రంగు చూసి పటాలం చెప్పేవాళ్ళను నమ్మకండి. ఆ కాలపు ఫిల్ముల్లో చాలావాటికి ఎరుపు నల్లగా పడేది, నీలం తెల్లగా పడేది. ఎర్ర తలపాగా నల్లగా కనిపిస్తుంది.

పాలమూరు_తమ్ముడు:
సారీ అక్కా, సారీ సార్. నాకు తెలియదు. ఆ ఫోటో తీసేస్తున్నాను.

దిండి_మనవరాలు:
ఫర్వాలేదు తమ్ముడూ, నువ్వు లేకపోతే ఈ సంగతి నాకూ తెలిసేది కాదు. అన్నయ్యకు ఫోన్ చేసి ఆపాను.

వనపర్తి_హవల్దార్:
జైహింద్. నేను ఈఎంఈలో, అంటే సైన్యంలో యంత్రాలు, బండ్లు బాగుచేసే విభాగంలో, 24 ఏళ్ళు చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. హోదా సంగతి నేను చెప్తానమ్మా, అందులో అనుమానం అక్కర్లేదు.

చేతి పైభాగంలో, మొన కిందికి ఉన్న పట్టీలను మేం ఫీతీలు అంటాం. ఒకటి ఉంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. బ్రిటిష్ కాలంలోనూ అంతే, ఇప్పుడూ అంతే. ఒక జాగ్రత్త చెప్పాలి. మోచేతి కింద, ఎడమ చేతికి, మొన పైకి ఉన్న పట్టీలు కూడా పాత ఫోటోల్లో కనిపిస్తాయి. అవి హోదా కాదు, మంచి నడవడికకు ఇచ్చినవి. మీ తాతవి పైభాగంలోనే, మొన కిందికే ఉన్నాయి. కాబట్టి ఈ ఫోటో దిగిన రోజున ఆయన హవల్దార్.

జమేదార్ అయితే చేతికి ఫీతీలు ఉండవు. భుజం మీద ఒక నక్షత్రం ఉంటుంది. సుబేదార్‌కు రెండు. వాళ్ళను వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్లు అనేవాళ్ళు. 1965లో జమేదార్ పేరు నాయబ్ సుబేదార్‌గా మార్చారు, అందుకే ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు.

ఛాతీకి అడ్డంగా ఉన్నది బండోలియర్. సంచుల్లో తూటాలుంటాయి. దాన్ని చూసి గుర్రపు దళం అనుకుంటారు కానీ ఫిరంగి బండ్లు లాగించేవాళ్ళు, సామాను జంతువుల్ని తోలేవాళ్ళు కూడా అది వేసుకునేవారు. పైగా గుర్రపు దళంలో హవల్దార్ అనే మాటే లేదు, మూడు ఫీతీలవాడిని అక్కడ దఫేదార్ అంటారు. మీ ఇంట్లో ఎప్పుడైనా దఫేదార్ అన్న మాట విన్నారా?

దిండి_మనవరాలు:
లేదు సార్, ఎప్పుడూ వినలేదు. జమేదార్ ఒక్కటే. నిజం చెప్పాలంటే కొంచెం మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళూ ఊరంతా జమేదార్ అన్నది అబద్ధమా?

నిజాం_దఫ్తర్:
అబద్ధం అని తొందరపడకండి అమ్మా. నేను ఉర్దూ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను, నిజాం కాలపు కాగితాలు చదవడం నాకు అలవాటు. జమేదార్ అన్న మాటకు మన వైపు ఒక్క అర్థమే లేదు. ఫౌజులో అది ఒక హోదా. నిజాం పోలీసులో హెడ్ కానిస్టేబుల్‌ను జమేదార్ అనేవారు, సబ్ ఇన్‌స్పెక్టర్‌ను అమీన్ అనేవారు. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ అమీన్ సాబ్ అంటారు కదా. కచేరీల్లో బంట్రోతుల మీద పెద్దను కూడా జమేదార్ అనేవారు. దఫేదార్ కూడా అంతే, కలెక్టర్ ఆఫీసుల్లో ఆ మాట ఇంకా బతికే ఉంది. పటాలం నుంచి తిరిగొచ్చి, కర్ర పట్టుకుని నిటారుగా నడిచే మనిషిని ఊరివాళ్ళు తమకు తెలిసిన మాటతో పిలుచుకుంటారు. మీ తాత తిరిగొచ్చాక ఏం పని చేశాడో కనుక్కోండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

దిండి_మనవరాలు:
మా మేనత్త ఉంది సార్. ఎనభై నాలుగేళ్ళు, మల్లేపల్లి దగ్గర ఉంటుంది. చెవులు సరిగ్గా వినపడవు కానీ జ్ఞాపకం గట్టిది. ఆదివారం పోయి అడుగుతాను.

దిండి_మనవరాలు:
పోయొచ్చాను. ఫోటో చేతిలో పెట్టగానే అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తాత ముఖం మీద వేలు పెట్టి, "మా నాయిన ఇంత సన్నగ ఉండెనా" అంది. ఆమెకు తెలిసినప్పటికే ఆయన బొద్దుగా ఉండేవాడట. తిరిగొచ్చాక ఆయన పోలీసులో చేయలేదు, కచేరీలో చేయలేదు, వ్యవసాయమే. ఊళ్ళో తగాదాలు వస్తే అందరూ ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళట. జమేదార్ అన్న పేరు అలా వచ్చిందేమో మరి.

ఒక కొత్త సంగతి చెప్పింది. తాత తోలింది గుర్రాలను కాదట. ఆమె మాటలోనే రాస్తున్నాను: "గుర్రాలు కావు బిడ్డా, ఖచ్చర్లు. గుట్టలెక్కేటియి. దాని పేరు మా అవ్వ చెప్తుండె గని యాదికి లేదు." ఖచ్చర్ అంటే కంచరగాడిద. నాన్న మాకు ఎప్పుడూ గుర్రాలనే చెప్పాడు.

ఇక టార్చిలైటు మాట. పెట్టె గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఫోటో కింద అట్ట మీద కుడి మూలన నిజంగానే ఒత్తిన ముద్ర ఉంది! మొదటి సగం పురుగు తినేసింది. చివర మూడు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం తేలాయి. ఓ, ఆర్, ఈ.

పాలమూరు_తమ్ముడు:
లాహోర్ అయ్యుంటుందా అక్కా? ఇంగ్లీషులో అదే స్పెల్లింగ్ కదా. ఖచ్చర్ల కంపెనీల్లో పంజాబు వాళ్ళు ఎక్కువ అని చదివాను.

సూర్యాపేట_సారు:
లాహోర్ కావచ్చు. మైసూర్, నెల్లూరు, వెల్లూరు, కన్ననూరు, బెంగళూరు, వీటన్నిటికీ పాత ఇంగ్లీషు స్పెల్లింగ్ చివర ఆ మూడక్షరాలే. తొందరపడితే మళ్ళీ యాప్ కథే అవుతుంది.

ఎవరైనా 19వ హైదరాబాద్ రెజిమెంట్ వైపు వెళ్తారేమోనని ముందే చెప్తున్నాను. పేరులో హైదరాబాద్ ఉంది కానీ అది నిజాం సైన్యం కాదు. పాత హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన దళం) నుంచి వచ్చిన బ్రిటిష్ ఇండియా పటాలం. 1922లో ఆ పేరు పెట్టారు. అప్పటికి అందులో చేర్చుకునేది ఎక్కువగా కుమావూ, జాట్, అహీర్ మనుషుల్ని. 1945లో కుమావూ రెజిమెంట్ అని పేరు కూడా మార్చేశారు. మన వైపు చాలా కుటుంబాలు ఆ పేరు చూసి దారి తప్పుతున్నాయి. నిజాం సొంత సైన్యం వేరు. దాని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోటబారు విమానాశ్రయం దగ్గర జపాన్ వాళ్ళకు ఎదురుగా ఉంది.

వనపర్తి_హవల్దార్:
అమ్మా, కొత్త స్కాన్ ఇప్పుడే పెద్దది చేసి చూశాను. ఇన్ని రోజులు ఫీతీల మీదే కళ్ళు పెట్టి తల వైపు సరిగ్గా చూడలేదు. క్షమించాలి. మొదటి రోజే మీరు డబ్బా లాంటి టోపీ అన్నారు, అక్కడే పట్టుకోవాల్సింది.

అది టోపీ కాదు, మామూలు తలపాగా కాదు. దుప్టా. మద్రాస్ సాపర్ల దుప్టా! గుడ్డను మడతలు మడతలుగా చుట్టి గుండ్రంగా కుట్టేస్తారు, పైన చదునుగా ఉంటుంది, వెనక కుచ్చు వేలాడదు. హిందుస్తాన్ ఫౌజు మొత్తంలో ఇలాంటిది మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌ వాళ్ళకే ఉంది. ఇప్పుడు వాళ్ళను మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అంటారు, ఎంఈజీ. నేను బెంగళూరులో ఉన్న మూడేళ్ళు అలసూరు చెరువు పక్కన వాళ్ళ పరేడ్ ఎన్నోసార్లు చూశాను. ఇప్పటికీ అదే దుప్టా పెట్టుకుంటారు. ముగ్గురి తల మీదా అదే ఉంది, చూడండి.

వాళ్ళ సెంటర్ ఉండేది బెంగళూరులో. మీ ముద్ర చివరి మూడక్షరాలు సరిపోయాయి. భుజం మీది ఇత్తడి అక్షరాల్లో చివరిది కొత్త స్కాన్‌లో నాకు ఎం లాగానే కనిపిస్తోంది. అయితే అది ఒక్కటే అయితే నేను ఒప్పుకునేవాడిని కాదు. దుప్టా ఉంది కాబట్టి ఒప్పుకుంటున్నాను.

పాతఫోటోల_పెట్టె:
చివరి అక్షరం విషయంలో నాదీ అదే మాట. రెండు నిలువు గీతలు, మధ్యలో దిగిన మొన ఉన్నాయి. ఇది అసలు స్కాన్‌లో ఉన్నదే, యాప్ గీసింది కాదు.

పాలమూరు_తమ్ముడు:
సాపర్ అంటే ఏం పని సార్?

వనపర్తి_హవల్దార్:
సైన్యం ముందుకు పోవాలంటే దారి కావాలి తమ్ముడూ. వాగు అడ్డమొస్తే వంతెన కట్టేది, శత్రువు పాతిన మందుపాతరలు చేత్తో తడిమి తీసేది, కొండ పేల్చి రోడ్డు వేసేది, తాగునీళ్ళు తెచ్చేది సాపర్లు. వెనక్కి తగ్గాల్సి వస్తే అందరూ దాటాక ఆఖరికి వంతెన పేల్చి వచ్చేదీ వాళ్ళే. మద్రాస్ సాపర్లు 1780లో మొదలయ్యారు. తమిళ, తెలుగు, కన్నడ, మలయాళం వాళ్ళు కలిసి చేసే పటాలం. ఫౌజులో అందరూ వాళ్ళను తంబీలు అంటారు, ప్రేమగానే.

ఖచ్చర్ల సంగతి ఇక్కడే కలుస్తుంది. సాపర్ల ఫీల్డ్ కంపెనీలకు పారలు, గడ్డపారలు, పేలుడు మందు మోసే ఖచ్చర్లు ఉండేవి. వాటికి సొంత డ్రైవర్లు, వాళ్ళ మీద నాయక్, హవల్దార్. మీ తాత బండోలియర్ అక్కడిదే అనుకుంటున్నాను. మీ అత్తమ్మ జ్ఞాపకం గొప్పది.

ఖచ్చర్ అంటే చిన్నచూపు చూడకండి. లారీ పోలేని గుట్ట మీదికి నీళ్ళు, తూటాలు మోసుకుపోయి, గాయపడిన మనిషిని కిందికి తెచ్చింది అదే. ఒక్కో జంతువు డెబ్బై కిలోల దాకా మోసేది. బర్మా అడవుల్లో జపాన్ వాళ్ళ వెనక వైపుకు చొచ్చుకుపోయి పోరాడిన చిండిట్ దళాలు తీసుకుపోయిన ఖచ్చర్లకు అరవకుండా ముందే గొంతులోని స్వరతంతువులు కోసేవారు, అరుపు వింటే జపాన్ వాళ్ళకు చోటు తెలిసిపోతుందని. రాత్రంతా ఆ జంతువు పక్కనే పడుకుని దాన్ని కాచుకున్న మనిషి మీ తాత లాంటివాడే.

సూర్యాపేట_సారు:
దుప్టా వాదన బలంగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ నాకొక ఇబ్బంది ఉంది. దేవరకొండ నిజాం రాజ్యం. మద్రాస్ సాపర్లలో చేర్చుకునేది బ్రిటిష్ ఇలాకాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో. నిజాం రైతు కొడుకు బెంగళూరు ఎలా చేరాడు? ఇది తేలకపోతే ఇంకేదో పొరపాటు ఉన్నట్టే.

మాచర్ల_రేవు:
ఇన్నాళ్ళూ చదువుతూ ఉన్నాను, ఇక్కడ మాట్లాడాలనిపించింది. మాది మాచర్ల పక్కన, కృష్ణ ఒడ్డు ఊరు. ఇప్పుడు సాగర్ ఆనకట్ట ఉంది కాబట్టి అవతల తెలంగాణ, ఇవతల ఆంధ్ర అని దూరంగా అనిపిస్తుంది. ఆనకట్టకు శంకుస్థాపన 1955 డిసెంబరులో. అంతకుముందు నది దాటడం మా పెద్దవాళ్ళకు పొలం గట్టు దాటినంత మామూలు. పుట్టి ఎక్కితే అటు నందికొండ, ఇటు మాచర్ల. పెళ్ళిళ్ళు, ఎడ్ల బేరాలు, అప్పులు అన్నీ అటూ ఇటూ సాగేవి. నదికి అటు నిజాం, ఇటు గుంటూరు జిల్లా, అంటే బ్రిటిష్ ఇలాకా. యుద్ధం రోజుల్లో గుంటూరు వైపు వచ్చి పటాలంలో చేరిన అవతలి ఒడ్డు వాళ్ళ గురించి మా ఇంట్లోనే చెప్పుకునేవారు. అప్పుడు ఆ యుద్ధానికి మొత్తం దేశం నుంచి 25 లక్షల మంది దాకా చేరారు. ఎవరిది ఏ రాజ్యమని గట్టిగా అడిగేంత తీరిక ఉండి ఉండదు.

చెల్లీ, ఒక్క మాట. చేరేటప్పుడు మీ తాత ఇవతలి ఒడ్డున ఉన్న చుట్టాల ఊరి పేరు చెప్పి ఉండొచ్చు. వెతికేటప్పుడు నల్గొండ ఒక్కటే కాదు, గుంటూరు జిల్లా, పల్నాడు తాలూకా కూడా రాయండి.

దిండి_మనవరాలు:
అన్నా, మీ మాట చదవగానే ఒళ్ళు జలదరించింది. నాయనమ్మ పుట్టిల్లు మాచర్ల వైపే!

సూర్యాపేట_సారు:
అయితే నా ఇబ్బంది తీరింది. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలు ఉర్దూ, పారసీల్లో కుప్పలుగా ఉన్నాయి. నేను మొదట మిమ్మల్ని అక్కడికే పంపాలనుకున్నాను. మీ తాత ఆ సైన్యంలోనే లేనప్పుడు అక్కడ నెలలు తిరిగినా దొరికేది కాదు.

దిండి_మనవరాలు:
ఈ రోజు మళ్ళీ అత్తమ్మ దగ్గరికి పోయాను. ఇది రాయడానికి కొంచెం సమయం పట్టింది.

ఆమె చెవి దగ్గర గట్టిగా అడిగాను, "అత్తమ్మా, తాత సాపర్ అంట, ఎప్పుడైనా విన్నవా?" అని. వెంటనే, "ఆ, అదే! సాపరు! మా అవ్వ చెప్పిన మాట అదే" అంది. ఆ తర్వాత చెప్పింది విని నేనూ, మా వదినా ఇద్దరం ఏడ్చేశాం.

తాత సెలవు మీద వచ్చినప్పుడు ఏం పని చేస్తున్నవని అడిగితే సాపర్ అని చెప్పాడట. ఊళ్ళో ఒకాయన దాన్ని సఫాయి అనుకున్నాడు. పటాలంలో పాయిఖానాలు ఊడ్చే పని దొరికిందంట అని ఊరంతా చెప్పాడు. పైన ఖచ్చర్లు అనేసరికి గాడిదలు కాస్తున్నాడని ఇంకో మాట. నాయనమ్మ అప్పుడు ఇరవై ఏళ్ళు కూడా లేని పిల్ల. బావి దగ్గర నలుగురిలో ఆమెను ఆ మాట అన్నారట. ఆ రోజు నుంచి ఆమె గుర్రాలు అని చెప్పడం మొదలుపెట్టింది. ఏ పని అయినా పనే, ఊడ్చేవాళ్ళది తక్కువ పనేం కాదు. కానీ ఆ కాలంలో, ఆ వయసులో ఆమె ఒక్కతే ఆ మాట మోసింది. భర్త సముద్రం అవతల ఉన్నాడో, బతికున్నాడో తెలియదు. గుర్రపు దళం, నిజాం, జమేదార్, ఇవన్నీ ఆమె ఒక్కొక్కటిగా కట్టుకున్న గోడలు. నాన్న కూడా ఆమె చెప్పిందే నమ్మాడు. అబద్ధం అని మొన్న నేను అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కాగితాలు ఎందుకు లేవో కూడా తెలిసింది. రజాకార్ల కాలంలో, ఇంట్లో పటాలం కాగితం దొరికితే సంఘం వాళ్ళకు తుపాకి నేర్పుతున్నావని పట్టుకుపోతారని భయపడి, తాత యూనిఫారం, పుస్తకం అన్నీ పొయ్యిలో వేశారట. ఈ ఫోటో ఒక్కటి నాయనమ్మ దాచింది, ఆయనకు కూడా చెప్పకుండా.

కాల్చలేనిది ఇంకోటి మిగిలింది. ఇత్తడి కంచం. మా చిన్నప్పుడు తాత అందులోనే తినేవాడు, తర్వాత అత్తమ్మ తీసుకుపోయింది. దాని అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టిన అంకెలున్నాయి. కొన్న కొట్టువాడు వేసిన తూకం గుర్తు అని ఇన్నాళ్ళూ అనుకున్నాం. అంకెలను ఇక్కడ పెట్టడం లేదు, హవల్దార్ సార్‌కు విడిగా పంపాను.

వనపర్తి_హవల్దార్:
అందింది అమ్మా. నా నమ్మకం అది ఆయన ఆర్మీ నంబరే. సిపాయి తన కంచం, మగ్గు మీద నంబరు కొట్టించుకుంటాడు, లేకపోతే లంగర్‌లో, అంటే పటాలం వంటశాలలో, తెల్లారేసరికి మాయమవుతాయి. నా మగ్గు మీద కూడా ఉంది. నంబరు ఉంటే వెతకడం నూరు రెట్లు తేలిక. పేరు ఇంగ్లీషులో పది రకాలుగా రాస్తారు, నంబరు ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. నంబరు, ఆయన పేరు, తండ్రి పేరు, ఇటు ఊరు, అటు మాచర్ల వైపు ఊరు, మీకు ఆయనతో ఉన్న చుట్టరికం, ఆయన మరణ ధ్రువపత్రం నకలు, ఫోటో నకలు పెట్టండి. అసలు ఫోటో పంపకండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే ఇంకా మంచిది, వాళ్ళు ముద్ర వేసి పంపుతారు.

సూర్యాపేట_సారు:
కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల జాబితాలో వెతకమని ఎవరైనా సలహా ఇస్తే, మీ తాత విషయంలో అక్కర్లేదు. అది 1947 డిసెంబరు 31 లోపు చనిపోయినవాళ్ళకే. తిరిగొచ్చినవాళ్ళు అందులో ఉండరు.

పాలమూరు_తమ్ముడు:
అక్కా, ఆయన ఏ యుద్ధానికి పోయాడో ఫోటో చూసి చెప్పలేమా? మెడల్స్ లేవు కాబట్టి ఎక్కడికీ పోలేదని అర్థమా?

సూర్యాపేట_సారు:
కాదు. ఆఫ్రికా స్టార్ లాంటి పతకాలను 1943లో గానీ ప్రకటించలేదు. అంతకుముందు దిగిన ఫోటోలో అవి ఎలా ఉంటాయి? మద్రాస్ సాపర్ల కంపెనీలు ఎన్నో చోట్లకు వెళ్ళాయి. 12వ ఫీల్డ్ కంపెనీ 4వ ఇండియన్ డివిజన్‌తో ఎరిత్రియాలోని కెరెన్ కొండల నుంచి ఇటలీలోని కసీనో దాకా పోయింది. అదే డివిజన్‌లోని 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీకి చెందిన సుబేదార్ సుబ్రహ్మణ్యన్ 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో పేలబోతున్న మందుపాతర మీద తానే పడి పక్కవాళ్ళను కాపాడారు. గొప్ప సాహసానికి బ్రిటిష్ వాళ్ళు ఇచ్చే జార్జ్ క్రాస్ పతకం అందుకున్న మొదటి భారతీయుడు ఆయన, చనిపోయాక ఇచ్చారు. ఇంకొన్ని కంపెనీలు బర్మాలో చేశాయి. మీ తాత ఏ కంపెనీయో ఫోటో చెప్పదు. అది రికార్డ్స్ నుంచే రావాలి. అంతవరకు కసీనో అనీ బర్మా అనీ ఇంట్లో పిల్లలకు చెప్పకండి. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మీరే చూశారు.

దిండి_మనవరాలు:
ఉత్తరం నిన్న పంపాను. ఫ్రేమ్ కూడా కట్టించాం, యాప్ ఫోటోకు కాదు, అసలు స్కాన్‌కు. మసకగానే ఉంది, అలాగే ఉంచమన్నాను. వెనక అట్ట మీద మెత్తటి పెన్సిల్‌తో అన్నయ్య రాశాడు: హవల్దార్, మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్, బెంగళూరు. సంవత్సరం దగ్గర ఖాళీ వదిలాం. అసలు ఫోటో మళ్ళీ నాయనమ్మ పట్టుచీర మడతలోనే పెట్టాను.

చివరగా ఒక విన్నపం. కూర్చున్న ఇద్దరి గురించి ఇన్నాళ్ళూ ఎవరం అడగలేదు. స్టూడియోలో ముగ్గురు కలిసి దిగితే తలా ఒక కాపీ తీసుకునే ఉంటారు. ఎడమ వైపు ఆయనకు నా లెక్కన ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, చెవులకు పోగులున్నాయి, చేతికి ఒక్క ఫీతీ. కుడి వైపు ఆయన వయసులో పెద్ద, నుదుటి మీద నిలువుగా పాత గాయం మచ్చ ఉంది, ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉంది. మా తాత చెయ్యి ఆయన భుజం మీద ఉంది. పల్నాడు వైపు గానీ, కర్నూలు, చిత్తూరు వైపు గానీ, తమిళనాడులో గానీ మీ ఇంటి సందుగలో ఇదే ఫోటో ఉంటే, లేదా చిటికెన వేలు సగమే ఉన్న తాతను మీ ఇంట్లో ఎవరైనా గుర్తు చేసుకుంటే, ఇక్కడ ఒక్క మాట రాయండి.